సున్నం వేసి అప్పగించిన ఇల్లు

మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్లం, ముగ్గురమూ దొంగలమే. ఒకరికి తెలియకుండా ఒకరం బ్యాంకు నోటీసు దాచిపెట్టాం. నాది పరుపు కింద ఉండేది. మా ఆవిడది మినప్పప్పు డబ్బాలో. మా నాన్నది ఆయన పెన్షన్ కాగితాల ఫైల్లో, అదీ తేదీ ప్రకారం, రంధ్రాలు పొడిచి, దారం కట్టి. దొంగతనంలో కూడా ఆఫీసు పద్ధతి తప్పని మనిషి ఆయన.

ఇంటి అప్పు నా పేరు మీద ఉంది. మా ఆవిడ కూడా దాని మీద సంతకం పెట్టింది. నాన్న జామీను. కాబట్టి బ్యాంకు వాళ్లు ముగ్గురికీ మూడు రిజిస్టర్డ్ కవర్లు పంపారు. పోస్ట్‌మ్యాన్ మా ఖరగ్‌పూర్ వీధిలో అందరికీ తెలిసినవాడు. నాన్న కవరు టీ కొట్టు దగ్గర ఇచ్చాడు. మా ఆవిడ కవరు ఆమె ఇడ్లీ పిండి ప్యాకెట్లు వేసే దుకాణం దగ్గర ఇచ్చాడు. నాకు మాత్రం మంచం దాకా వచ్చి, నా ఎడమ బొటనవేలు తనే పట్టుకుని, ముద్ర వేయించుకుని మరీ ఇచ్చాడు. ముగ్గురమూ విడివిడిగా అతన్ని ఒకటే అడిగామట, "ఇంట్లో సెప్పకు దాదా" అని. ఆ పెద్దమనిషి ముగ్గురికీ మాట నిలబెట్టుకున్నాడు.

బొటనవేలు ఎందుకంటే, అప్పటికి నా చేతులు పెన్ను పట్టుకోవు. ఆ కథ కాస్త చెప్పాలి.

నేను విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. ఒకరోజు పొద్దున్న చేతిలోంచి స్పానర్ జారిపడింది. వంగి తీశాను, మళ్లీ జారింది. పక్కవాడు "రాత్రి ఎంత తాగావు?" అని వెక్కిరించాడు. నేను తాగనని వాడికి తెలుసు. సాయంత్రానికి కాళ్లు పోయాయి. మర్నాటికి మింగుడు పోయింది. కలకత్తా తీసుకెళ్లేసరికి ఊపిరి కూడా నా చేతుల్లో లేదు. నరాల జబ్బన్నారు. లక్షల్లో ఒకరికి వస్తుందట. లాటరీ టిక్కెట్టు ఎన్నిసార్లు కొన్నా తగలని అదృష్టం ఇలా వచ్చి తగిలింది. ఐదు రోజులు వరసగా ఎక్కించిన ఇంజెక్షన్ల ధర విని మా ఆవిడ నర్సుని మళ్లీ అడిగిందట, మొత్తానికా, ఒక్కదానికా అని. ఒక్కదానికే.

జబ్బు చెయ్యడానికి ముందు ఏడాదే ఫ్యాక్టరీ వాళ్లు నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు. ఇంటికి మిఠాయి తెచ్చాను కూడా. జీతం కాస్త పెరిగి హద్దు దాటింది కాబట్టి ఈఎస్ఐ లోంచి తీసేశారు. హెల్పర్‌గా మిగిలి ఉంటే నా వైద్యం ఉచితం. ఆ మిఠాయి తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదు. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు వెంటిలేటర్ మీద నాలుగో రోజుకే అయిపోయింది. తర్వాత మా ఆవిడ బంగారం, ఆ తర్వాత పర్సనల్ లోను, ఆ తర్వాత క్రెడిట్ కార్డు, అన్నీ వరసగా వెళ్లాయి. ఇంటి అప్పు కిస్తీ కట్టడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. కట్టాల్సిన వాడికి అసలు చెయ్యే లేవలేదు.

ఇంకో విచిత్రం మా నాన్నది. ఆయన రిటైరైన రైల్వే మనిషి, వర్క్‌షాపులో బోగీలకి రంగులు వేసిన పెయింటరు. ఆయనకి జీవితాంతం రైల్వే ఆసుపత్రి కార్డు ఉంది. కానీ ఆయనకి జలుబు కూడా చెయ్యదు. నాకు జబ్బు చేసింది, నాకు కార్డు లేదు, పెళ్లయిన కొడుకు దాని మీదకి రాడు. నాన్న ఆ కార్డు పట్టుకుని ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడి వాదించాడట.

"బాబూ, ఇన్నేళ్లలో నాను ఒక్క గోలీ కూడా వాడుకోలేదు. సెలవలు పోగు పడతాయి కదా, అలాగ నా వైద్యం కూడా పోగు పడి ఉంటాది కదా. అది మావోడికి వేసీండి," అని అడిగాడు.

కౌంటరులో ఉన్న గుమాస్తా బాబు చాలా మర్యాదగా అలా వీలుపడదని చెప్పాడట. నాన్న అప్పటికప్పుడు ఒక దరఖాస్తు రాసి ఇచ్చి వచ్చాడు. ఆ దరఖాస్తు అలవాటే మా కొంప తీసింది, తర్వాత చెప్తాను.

నేను రెండున్నర నెలలకి ఇంటికి వచ్చాను. మెడ కింద అంతా ఇంకా బద్ధకంగానే ఉంది. నోరు మాత్రం పూర్తిగా బాగుపడింది. మా ఆవిడ దీన్ని దేవుడు చేసిన పొరపాటు అంటుంది.

ఇంక ఆ ఇంటి సంగతి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో కలాసీగా చేరాడు. ఆయన రోజుల నుంచీ మావాళ్లు ఉన్నవన్నీ రైల్వే క్వార్టర్లే. నేను పుట్టింది ట్రాఫిక్ కాలనీ క్వార్టర్లో. మేకు కొట్టాలన్నా అది సర్కారు గోడ. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఇల్లు, అది అయ్యాక గంటె, గిన్నె సర్దుకోవాల్సిందే. నాన్న రిటైరయ్యాక ఆయనకి వచ్చిన డబ్బు, నా పేరు మీద తెచ్చిన లోను కలిపి మలంచ వైపు చిన్న ఇల్లు కట్టాం. రెండు గదులు, ఒక హాలు, ముందు సన్నటి వరండా. గృహప్రవేశం నాడు నాన్న వరండాలో కుర్చీ వేసుకుని, "ఇంక మనల్ని ఖాళీ సెయ్యమనీ నాకొడుకు లేడు," అన్నాడు. పక్కనే పంతులుగారు ఉన్నారని కూడా చూసుకోలేదు.

ఆ మాట అన్న మనిషికి నోటీసు చూపించే ధైర్యం నాకు లేదు, అందుకే పరుపు కింద పెట్టాను. ఆ పరుపు మీదే పడుకుని రోజంతా దాన్ని కాపలా కాసేవాణ్ణి. ఇల్లు పోతే కారణం నేనే అన్న సంగతి వీపుకి గుచ్చుకుంటూనే ఉండేది.

మా ముగ్గురి గుట్టూ ఒకేసారి బయటపడింది. బ్యాంకు నుంచి రికవరీ ఆఫీసరు వచ్చాడు. నడివయసు బెంగాలీ, చంకలో గొడుగు, చలి ఇంకా మొదలవకుండానే నెత్తిన మంకీ క్యాపు. హాల్లో కూర్చుని, నోటీసు అందిందా అని అడిగాడు. అందలేదని ముగ్గురం ఒకే గొంతుతో అన్నాం. ఆయన సంచీలోంచి మూడు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు తీసి బల్ల మీద పరిచాడు. ఒకదాని మీద నాన్న ఇంగ్లీషు సంతకం, కింద రెండు గీతలతో సహా. ఒకదాని మీద మా ఆవిడ తెలుగు సంతకం. ఒకదాని మీద నా బొటనవేలు.

ముందు మా ఆవిడ నవ్వింది. తర్వాత నాన్న. ఆఫీసరు పాపం ఏడుస్తారేమోనని సిద్ధపడి వచ్చినట్టున్నాడు, ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. మా ఆవిడ లేచి ఆయనకి కాఫీ పెట్టింది.

"నీకెలాగ తెల్సిందిరా?" అన్నాడు నాన్న నాతో.

"నీకెలాగ తెల్సింది?" అన్నాను నేను.

"మీ ఇద్దరికీ తెల్సి నాకు సెప్పలేదా?" అని మా ఆవిడ ఇద్దరి మీదా ఎగిరింది. బల్ల మీదున్న ఆమె సంతకం సంగతి అప్పుడు ఎత్తడం ప్రాణానికి మంచిది కాదని ఊరుకున్నాను.

ఆఫీసరు కాఫీ తాగి, మెల్లగా హిందీలో ఒక మంచి మాట చెప్పాడు. ఇంకా టైముంది, బ్యాంకు వేలం వేసే లోపు మీరే అమ్ముకోండి, ధర బాగా వస్తుంది, బాకీ పోయి కొంత మిగులుతుంది అన్నాడు. ఆ మాట ఆ రోజు విని ఉంటే మా బతుకు వేరే దారిలో ఉండేది. వినలేదు, ఎందుకంటే నాన్నకి అంతకంటే గొప్ప ఉపాయం తెలుసు.

రైల్వేలో పుట్టి పెరిగిన వాళ్లకి ఒక నమ్మకం ఉంటుంది. దరఖాస్తు పడి ఉన్నంతకాలం ఎవడూ ఏమీ చెయ్యలేడు. రిటైరయ్యాక నాన్న క్వార్టరు ఎనిమిది నెలలు ఈ ఒక్క విద్య మీదే నిలబెట్టుకున్నాడు. ఇల్లు కడుతున్నాం, వాన పడుతోంది, మేస్త్రీ పారిపోయాడు, కోడలికి జ్వరం, అని ఒకదాని తర్వాత ఒకటి రాసి ఇస్తూనే ఉన్నాడు. ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి వెళ్లేలోపు మా ఇంటికి స్లాబు పడింది. జరిమానా అద్దె కింద గ్రాట్యుటీలో ఎంత కోశారో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పడు.

"బేంకైతే ఏటి, అదీ గవర్మెంటు ఆఫీసే కదా," అని మొదలుపెట్టాడు. ఠావు కాగితాలు, కార్బన్లు తెచ్చాడు. సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా అని ఇంగ్లీషులో ఎత్తుకునేవాడు. నా జబ్బుని మొదటి దరఖాస్తులో పక్షవాతం అన్నాడు, రెండో దాంట్లో ప్రాణాపాయం అన్నాడు, మూడో దాంట్లో నేను దాదాపు పోయాను. నేను మంచం మీద నుంచి నోటితోనే తప్పులు దిద్దేవాణ్ణి. ప్రతి దరఖాస్తు కిందా కాపీలు ఎవరెవరికో ఒక చాంతాడు ఉండేది. బ్రాంచి మేనేజరు, ఆయన పై ఆఫీసు, ఆ పై ఆఫీసు, చివర్న రైల్వే డివిజనల్ మేనేజరు.

"రైల్వే మేనేజరుకి ఎందుకు నాన్నా? అప్పు బ్యాంకుది," అన్నాను.

"ఉండనీరా, ఆయన పేరు సూస్తే బయం ఉంటాది," అన్నాడు.

పది రోజులకి బ్యాంకు నుంచి జవాబు వచ్చింది. మీ విన్నపాన్ని అంగీకరించలేము, గడువులోగా మొత్తం చెల్లించాలి, అని రెండే వాక్యాలు. నేను చదివి నీరుకారిపోయాను. నాన్న మొహం వెలిగిపోయింది.

"జవాబు ఒచ్చినాదంటే పైలు కదిలినట్టే. కదిలిన పైలు ఆగదు. ఇంకోటి రాద్దాం," అన్నాడు.

ఇలా ఐదు దరఖాస్తులు, ఐదు తిరస్కారాలు. ప్రతి తిరస్కారాన్నీ ఆయన ఫైల్లో పెట్టి ఆనందించాడు. ఈలోగా ఒక రిటైర్డు గార్డు ఇల్లు కొనుక్కుంటానని వచ్చాడు. మంచి ధరే చెప్పాడు. నాన్న వరండాలోనే ఆయన్ని ఆపి, ఇంగ్లీషులో, విషయం పరిశీలనలో ఉందని చెప్పి పంపేశాడు. మంచం మీద నుంచి నేను విన్నాను. పిలవచ్చు, గొంతు బాగానే ఉంది. పిలవలేదు. నాకూ ఏ మూలో ఆ దరఖాస్తుల మీద ఆశ ఉంది. తర్వాత ఈ విషయం మీద నాన్నని చాలాసార్లు సాధించాను, కానీ తప్పులో సగం నాది.

మా ఆవిడ మాత్రం కాగితాల్ని నమ్మే మనిషి కాదు. మేదినీపూర్ వెళ్లి ఒక వకీలుని కలిసి, ఐపీ పెడితే ఎలా ఉంటుందని అడిగి వచ్చింది. ఐపీ అన్న మాట వినగానే నాన్న చెవులు మూసుకున్నాడు.

"మన ఇంటా ఒంటా లేదమ్మా. పరువు ఏటవుతాది?"

"పరువుకి ఏటీ అవదు మావయ్యా, పెట్టడానికి మన దగ్గర డబ్బు లేదు," అంది. దివాళా తీశామని కోర్టులో చెప్పుకోవాలంటే ముందు వకీలుకి ఫీజు కట్టాలట, అదీ అడ్వాన్సుగా. పైగా తాకట్టులో ఉన్న ఇల్లు ఐపీ పెట్టినా ఆగదని ఆయనే చెప్పాడట. మాకు సరిగ్గా దివాళా తీసే తాహతు కూడా లేకపోయింది. పర్సనల్ లోను ఇప్పటికీ మా ఆవిడ పిండి ప్యాకెట్ల మీదే తీరుతోంది.

ఆరో దరఖాస్తు పోస్టు చెయ్యకముందే గేటుకి నోటీసు అంటించి పోయారు. మర్నాడు రెండు పేపర్లలో పడింది, ఒకటి ఇంగ్లీషు, ఒకటి బెంగాలీ. మా ముగ్గురి పేర్లు, ఇంటి నాలుగు హద్దులు, అన్నీ అచ్చులో. మా వంశంలో పేపర్లో పేరు పడ్డ మొదటివాళ్లం మేమే. టీ కొట్టులో ఎవరో ఆ పేపరు మడిచి నాన్నకి కనపడకుండా బెంచీ కింద పెట్టారట. ఆయన అది తీసి, విప్పి, మొత్తం చదివి, మళ్లీ అలాగే మడిచి పెట్టి వచ్చాడు. ఆ రోజు భోజనం చెయ్యలేదు. జబ్బు చేసినప్పుడు పోతే బాగుండేదేమో, ఇల్లయినా మిగిలేది అని ఆ రోజు నిజంగా అనుకున్నాను. పైకి కూడా అన్నాను. నాన్న విన్నాడు.

ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి తేదీ ఇచ్చారు. గోల్ బజార్ వెనక ఒక సందులో రెండు గదులు అద్దెకి దొరికాయి. సామాను టోటోల మీద, అదే బ్యాటరీ రిక్షాల మీద, మూడు విడతల్లో వెళ్లింది. ఇంక తాళం ఇచ్చెయ్యడమే అనుకుంటుంటే, నాన్న రెండు బకెట్ల సున్నం, బ్రష్షులు, సాండ్ పేపరు పట్టుకుని దిగాడు.

"ఇదేటి మావయ్యా?" అంది మా ఆవిడ.

"ఖాళీ సేసినప్పుడు బాగు సేసి ఇవ్వాల కదమ్మా. లేకపోతే కోత పెడతారు."

క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ఇన్‌స్పెక్టరు వచ్చి బల్బు హోల్డర్లు, కుళాయిలు, కిటికీ గెడలు అన్నీ లెక్కపెడతాడు. ఒక్క అద్దం పగిలినా గ్రాట్యుటీలోంచి పట్టుకుంటారు. అది రైల్వే. ఇది వేలానికి వెళ్లే మన సొంత ఇల్లు, దీనికి ఎవడూ కోత పెట్టడు అని చెప్పి చూశాను. ఆయన నిచ్చెన ఎక్కేశాడు.

నాలుగు రోజులు వేశాడు. ఇన్నేళ్లు బోగీలకి రంగేసిన చెయ్యి, ఎక్కడా బ్రష్షు గీత కనపడదు. కారుతున్న కుళాయికి వాషరు మార్చాడు. ఇల్లు కట్టినప్పటి నుంచీ నేను చెయ్యమంటే చెయ్యని పనులన్నీ బ్యాంకు కోసం చేశాడు. మా ఆవిడ గొణుగుతూనే నేల కడిగింది. అప్పటికి వాకర్ మీద ఆనుకుని నాలుగడుగులు వేస్తున్న నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, చిన్న బ్రష్షు చేతికిచ్చి, గోడ కింది అంచు నాకు అప్పగించారు. ఫిజియోథెరపీ కింద కూడా పనికొస్తుందన్నాడు నాన్న. మూడు అడుగులు వెయ్యడానికి నాకు ఒక పూట పట్టింది. ఎవడి కోసం వేస్తున్నామో తెలియని ఆ గోడ మీద నా వేళ్లు మొదటిసారి నేను చెప్పిన మాట విన్నాయి.

ఇచ్చిన తేదీకి ఆఫీసరు ఒక కానిస్టేబుల్‌ని, వీడియో తీసే మనిషిని వెంటేసుకుని వచ్చాడు. గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయాడు. కొత్త సున్నం వాసన. పొరపాటున వేరే ఇంటికి వచ్చామా అన్నట్టు చేతిలో కాగితం చూసుకున్నాడు. నాన్న చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఎదురెళ్లి, ఆయన్ని గదిగదికీ తిప్పాడు. స్విచ్చి వేసి చూపించాడు, తీసి చూపించాడు. ఫ్యాన్లు తిప్పాడు. కుళాయిలు విప్పాడు. కానిస్టేబుల్‌ చేత కూడా ఒక కిటికీ గెడ వేయించి తీయించాడు.

ఆఫీసరు నాన్నని బాబాయ్ అని బెంగాలీ వరసలో పిలిచి, హిందీలో, "కాకూ, ఇదంతా అవసరం లేదు. బ్యాంకు దీనికేమీ తగ్గించదు," అన్నాడు.

నాన్న నా వైపు తిరిగి, "నువ్వు సెప్పింది నిజవేనేటిరా?" అన్నాడు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. నేనూ నవ్వాను, వాకర్ కదిలిపోయేంతగా నవ్వాను. నాన్నకి కాస్త సిగ్గేసింది గానీ, తలపెట్టిన పని వదల్లేదు. జేబులోంచి మడతలు పెట్టిన కాగితాలు తీశాడు.

క్వార్టరు ఖాళీ చేసినప్పుడు రైల్వేలో నింపే ఫారం లాంటిది ఆయన తన చేత్తో గీతలు గీసి తయారుచేశాడు. కార్బన్ పెట్టి మూడు కాపీలు. ఫ్యాన్లు మూడు, ట్యూబులైట్లు నాలుగు, కుళాయిలు ఐదు, తాళంచెవులు రెండు జతలు, అన్నీ ఇంగ్లీషులో వరసగా. అందినట్టు సంతకం పెట్టమన్నాడు. ఆఫీసరు ఒకసారి కానిస్టేబుల్‌ వైపు చూసి, పోనీలే అన్నట్టు పెన్ను తీశాడు. సంతకం పెట్టబోతూ చివరి గడి దగ్గర ఆగాడు. ఖాళీ చేయుటకు కారణం అని ఉండే గడి అది. మా తాత క్వార్టరు కాగితంలో అక్కడ మరణం అని ఉంది, నాన్న దాంట్లో రిటైర్‌మెంట్ అని ఉంది. ఈ కాగితంలో ఆ ఒక్క గడీ నాన్న ఇంగ్లీషులో కాకుండా తెలుగులో రాశాడు.

"కాకూ, ఎటా కీ లిఖేఛెన్?" అని అడిగాడు ఆఫీసరు, అక్కడ ఏం రాశారని.

"నువ్వు సెప్పు ఆయనకి," అన్నాడు నాన్న నాతో, గోడ వైపు తిరిగి.

నేను వాకర్ మీద నుంచి ఒక చెయ్యి తీసి కాగితం అందుకున్నాను. నాన్న చేతిరాత గుండ్రంగా, బోగీ మీద నంబర్లు వేసినట్టు ఉంటుంది.

ఖాళీ చేయుటకు కారణం: కొడుకు బతికినాడు.

రెండుసార్లు చదువుకున్నాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. కొంచెం తేరుకుని బెంగాలీలో చెప్పాను, "ఛేలే బేఁచే గేఛే."

ఆఫీసరు మూడు కాపీల మీదా సంతకం పెట్టి, తేదీ వేసి, ఒకటి నాన్నకి ఇచ్చాడు.